రాని వారి లెక్క

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో షా అనే చిన్న పట్టణం ఉంది. 1970 ప్రాంతంలో దాని జనాభా సుమారు 2,500. వారిలో దాదాపు 1,500 మంది నల్లజాతివారు, 1,000 మంది శ్వేతజాతివారు. ఊరు ఒక్కటే, పురపాలక సంఘం ఒక్కటే. అయినా ఆ ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి ఏ వాడ ఎవరిదో ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. కాళ్ల కింది నేలే చెప్పేది. పక్కా రోడ్డుకు నోచుకోని వీధుల వెంబడి ఉన్న ఇళ్లలో నూటికి దాదాపు 98 నల్లజాతివారివి. మురుగునీటి గొట్టాలు అందని ఇళ్లలో నూటికి 97 వారి వాడల్లోనే ఉన్నాయి. పురపాలక సంఘం కొనుగోలు చేసిన ప్రకాశవంతమైన పాదరస దీపాలు ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా శ్వేతజాతివారి వీధులకే చేరాయి. వాననీటి కాలువలు, మంచినీటి పైపులు, మంటలార్పేందుకు వీధి మూలల్లో అమర్చే నీటి కుళాయిలు, అన్నింటా ఇదే తీరు.

ఈ అంకెలు ఏ సభా వేదిక మీదో వినిపించిన ఆరోపణలు కావు. ఆండ్రూ హాకిన్స్ అనే పౌరుడు తోటి నివాసులతో కలిసి వేసిన దావాలో న్యాయస్థానం నమోదు చేసిన వాస్తవాలు. పురపాలక సంఘం వీటిని కాదనలేదు. తన సమర్థన మాత్రం తాను చెప్పుకున్నది. రాకపోకలు ఎక్కువగా ఉన్న వీధులకు ముందుగా రోడ్డు వేశామనీ, అవసరాన్ని బట్టి పనులు చేపట్టామనీ, ఎవరి వర్ణాన్నీ చూడలేదనీ వాదించింది. కింది కోర్టు 1969లో ఆ వాదనను అంగీకరించి దావాను కొట్టివేసింది. 1971లో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును తిరగరాసింది. అధికారుల మనసులో ద్వేషం ఉన్నదని ఎవరూ ప్రత్యేకంగా రుజువు చేయనవసరం లేదనీ, ఫలితం ఇంత స్పష్టంగా ఒక జాతికి వ్యతిరేకంగా ఉన్నప్పుడు దానికి బలమైన కారణం చూపవలసిన బాధ్యత పురపాలక సంఘానిదేననీ తేల్చింది.

మన పత్రిక పాఠకులు ఈ వృత్తాంతాన్ని దూరదేశపు పాత కథగా భావించి పుట తిప్పవద్దని మనవి. నగరం తన ఖజానా నుంచి ఖర్చు పెట్టే నీరు, వెలుతురు, వైద్యం, ఇల్లు, తిండి అందరికీ సమానంగా అందుతున్నాయా అనే ప్రశ్నకు అమెరికా నగరాలు అర్ధశతాబ్దికి పైగా జవాబు వెతుకుతున్నాయి. ఆ వెతుకులాటలో అవి చేసిన తప్పులూ, నేర్చుకున్న పాఠాలూ సేవ చేసే ప్రతి సంస్థకూ, ప్రతి మస్జిద్ కమిటీకీ పనికివస్తాయి.

మనసు చూడాలా, ఫలితం చూడాలా?

షా పట్టణపు తీర్పు ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. 1976లో అమెరికా సుప్రీంకోర్టు వేరొక వ్యాజ్యంలో, అంటే వాషింగ్టన్ నగర పోలీసు ఉద్యోగాల పరీక్షకు సంబంధించిన వ్యాజ్యంలో, కొత్త గీత గీసింది. ఒక నిబంధన వల్ల ఒక జాతివారికి ఎక్కువ నష్టం జరుగుతున్నదని చూపితే చాలదనీ, ఆ నష్టం చేయాలనే ఉద్దేశంతోనే ఆ నిబంధన పెట్టారని కూడా చూపాలనీ రాజ్యాంగాన్ని వ్యాఖ్యానించింది. షా తీర్పు ఆధారపడిన తర్కాన్ని అదే సందర్భంలో ప్రత్యేకంగా తోసిపుచ్చింది.

ఈ మార్పు ఎంత భారమో సామాన్యునికి ఇట్టే అర్థమవుతుంది. వీధిలో దీపం లేదన్న సంగతి కంటికి కనిపిస్తుంది. దీపం పెట్టని అధికారి మనసు కంటికి కనిపించదు. ఏ గుమాస్తా కూడా ‘ఈ వాడకు నీళ్లు ఇవ్వవద్దు, వీరు నల్లవారు’ అని దస్త్రం మీద రాసి సంతకం చేయడు. ‘నిధులు లేవు’, ‘జనసాంద్రత తక్కువ’, ‘దరఖాస్తు సక్రమంగా లేదు’ అని రాస్తాడు. ఆ మాటలు ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబుగానే ఉంటాయి. యాభై ఏళ్ల పాటు అవి ఒకే వాడ మీద పడుతూ వచ్చినప్పుడే వాటి అసలు రూపం బయటపడుతుంది.

ఒహాయో రాష్ట్రంలో జేన్స్‌విల్ అనే ఊరికి ఆనుకుని కోల్ రన్ అనే వాడ ఉంది. పేరుకు తగినట్టే అది బొగ్గు గనుల ప్రాంతం. గనుల వల్ల అక్కడి భూగర్భ జలం పాడైపోయింది. చుట్టుపక్కల శ్వేతజాతివారి ఇళ్లకు 1950ల నుంచి నగర నీటి పైపులు ఒక్కొక్కటిగా వెళ్లాయి. ప్రధానంగా నల్లజాతివారు నివసించే కోల్ రన్‌కు మాత్రం రాలేదు. అక్కడి జనం వాననీటిని తొట్లలో పట్టుకున్నారు. బండ్ల మీద నీళ్లు మోసుకు తెచ్చుకున్నారు. తలిదండ్రులు అడిగారు, పిల్లలు పెద్దవారై వారూ అడిగారు. చివరకు రాష్ట్ర పౌరహక్కుల సంఘానికి ఫిర్యాదు చేసిన తరువాతనే, అంటే 2000 సంవత్సరం దాటిన తరువాతనే, పైపులు వేయడం మొదలయింది. 2008 జులైలో జ్యూరీ ఈ వ్యవహారంలో జాతి వివక్ష జరిగిందని తేల్చి, 67 మంది ఫిర్యాదుదారులకు మొత్తం మీద దాదాపు 1.1 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది.

నీళ్లు మోసి వంగిపోయిన వీపుకు డాలర్లు విలువ కట్టగలవా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. కోల్ రన్ ప్రజలు అడగలేదని ఎవరూ అనలేరు. అర్ధశతాబ్దం అడిగారు. వారి గొంతు వినిపించుకోలేదు. అయితే దీనికి మరో పార్శ్వం కూడా ఉన్నది. కొన్నిచోట్ల ఎవరూ ఎవరికీ ‘లేదు’ అని చెప్పరు, అయినా అన్యాయం జరిగిపోతుంది. అది మరింత సూక్ష్మమైనది. దాన్ని పట్టుకోవడానికి ఇంకొక నగరానికి వెళ్లాలి.

ఫిర్యాదు చేసినవాడికే దీపం

అమెరికా వాయవ్య తీరంలోని సియాటిల్ నగరం 2004లో, గ్రెగ్ నికల్స్ మేయరుగా ఉన్నప్పుడు, జాతి సమానత్వాన్ని నగర పాలనలోనే భాగం చేసే కార్యక్రమాన్ని ప్రారంభించింది. సభలు పెట్టి ఉపన్యాసాలు ఇప్పించడంతో సరిపెట్టుకోకుండా, ప్రతి విభాగమూ తన పనిని తానే పరీక్షించుకోవాలని కోరింది. ఈ ఖర్చు వల్ల ఎవరికి మేలు జరుగుతున్నది, ఎవరి మీద భారం పడుతున్నది, ఆ సంగతి నిర్ణయానికి ముందే ఆయా వాడల వారిని అడిగి తెలుసుకున్నామా అన్నవి ఆ పరీక్షలోని ప్రశ్నలు.

నగర విద్యుత్ విభాగానికి ఎదురైన అనుభవం ఈ కార్యక్రమం గురించి మాట్లాడేవారు తరచు చెప్పే ఉదాహరణ. అక్కడ వీధి దీపం ఆరిపోతే ఎవరైనా ఫోన్ చేసి చెప్పేవారు, సిబ్బంది వెళ్లి మార్చేవారు. ఇందులో తప్పేముంది? మన ఊళ్లలోనూ అంతే కదా! ఎవరు ఫోన్ చేసినా ఒకే విధంగా స్పందించే ఆ పద్ధతిలో వివక్ష అన్న మాటకే తావు లేదని అనిపిస్తుంది. కాని పరిశీలించి చూస్తే, ఫోన్లు ఎక్కువగా వచ్చేది స్థితిమంతులైన శ్వేతజాతివారి వాడల నుంచి. అక్కడి దీపాలు త్వరగా వెలిగేవి. వలస వచ్చినవారు, నల్లజాతివారు, పేదలు ఉండే వాడల్లో ఆరిన దీపం ఆరినట్టే ఉండిపోయేది.

ఎందుకు ఫోన్ చేయలేదు? కారణాలు ఊహించడం కష్టం కాదు. రెండు పూటలా పనిచేసే మనిషికి కార్యాలయం తెరిచి ఉండే వేళలో తీరిక దొరకదు. భాష రాని మనిషికి ఫోన్ ఎత్తాలంటే జంకు. కాగితాలు సరిగా లేని మనిషికి సర్కారు పేరు వింటేనే భయం. అన్నింటికన్నా ముఖ్యంగా, అడిగి అడిగి విసిగిపోయిన వాడ ఇక అడగడం మానేస్తుంది. తమ మాటకు విలువ ఉంటుందన్న నమ్మకం ఉన్నవారే ఫిర్యాదు చేస్తారు. కాబట్టి ఫిర్యాదుల సంఖ్య అవసరానికి కొలత కాదు. అది నమ్మకానికి కొలత.

సియాటిల్ ఏం చేసింది? నల్లవారి వాడలకు ముందు, తెల్లవారి వాడలకు తరువాత అని నియమం పెట్టలేదు. ఫిర్యాదు కోసం ఎదురుచూసే పద్ధతి నుంచి వంతుల ప్రకారం దీపాలు మార్చే పద్ధతికి మారింది. దీపం ఆయుష్షు ఎంతో తెలిసినదే కనుక, అది ఆరిపోయే దాకా ఆగకుండా వీధి తరువాత వీధిగా మార్చుకుంటూ పోవడం మొదలుపెట్టింది. ఎవరి వర్ణాన్నీ అడగవలసిన పని లేకుండానే వర్ణాల మధ్య తేడా తగ్గే మార్గం ఏర్పడింది.

గోడు చెప్పుకోవడానికి మార్కులు

వీధి దీపం చిన్న విషయమని అనుకునేవారి కోసం మరో ఉదాహరణ. తలదాచుకోను గూడు లేనివారికి అమెరికా నగరాలు ప్రభుత్వ ధనంతో ఇళ్లు కేటాయిస్తాయి. ఇళ్లు కొన్ని, అడిగేవారు ఎందరో. అందువల్ల ఎవరి కష్టం ఎక్కువో నిర్ణయించడానికి ఒక ప్రశ్నావళిని చాలా నగరాలు వాడుకలోకి తెచ్చాయి. ఆసుపత్రి అత్యవసర విభాగానికి ఎన్నిసార్లు వెళ్లారు, మానసిక రుగ్మత ఉన్నదా, మత్తుపదార్థాల అలవాటు ఉన్నదా, పోలీసులతో వ్యవహారం ఏమైనా నడిచిందా అని అడిగి, ‘అవును’ అన్న ప్రతి జవాబుకూ మార్కులు వేస్తారు. మార్కులు ఎక్కువ వచ్చినవారికి ఇల్లు ముందు.

ప్రశ్నలు అందరికీ అవే. మార్కులు వేసే పద్ధతీ అదే. అయినా 2019లో ఆరెగాన్, వర్జీనియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లోని కొన్ని కౌంటీల లెక్కలను పరిశీలించినప్పుడు, శ్వేతజాతివారికి నల్లజాతివారి కంటే, ఇతర వర్ణాలవారి కంటే సగటున ఎక్కువ మార్కులు వస్తున్నట్టు తేలింది. అనంతరం ఆ ప్రశ్నావళిని తయారుచేసిన సంస్థే దాన్ని క్రమంగా విరమించుకుంటున్నట్టు ప్రకటించింది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆలోచించండి. బల్లకు అటువైపు కూర్చున్న అపరిచితుడు అడుగుతున్నాడు, ‘మీకు మత్తు అలవాటు ఉన్నదా?’ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన నల్లజాతి తల్లి ఏమని జవాబిస్తుంది? ‘అవును’ అంటే ఇల్లు మాట దేవుడెరుగు, పిల్లల్నే తీసుకుపోతారేమోనన్న భయం ఆమెను వెంటాడుతుంది. ఆసుపత్రి గుమ్మం తొక్కడానికే స్తోమత లేని మనిషి అత్యవసర విభాగానికి ఎన్నిసార్లు వెళ్లి ఉంటాడు? వైద్యం అందినవారి జబ్బుకు కాగితం ఉంటుంది. వైద్యమే అందనివారి జబ్బుకు కాగితం ఉండదు. ఆ విధంగా నిన్నటి వంచన నేటి మార్కులను తగ్గిస్తుంది. తన గోడు వివరంగా, నిర్భయంగా, కాగితాలతో సహా చెప్పుకోగలిగినవారే ఎక్కువ నిరుపేదలుగా లెక్కలోకి వస్తారు.

పెదవి విప్పలేని మాట

అడగాలన్న ధైర్యం ఉండి కూడా అడగలేని మరో వర్గం ఉన్నది. వారికి అడ్డు నిలిచేది భాష. 1964 నాటి పౌరహక్కుల చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ ధనం తీసుకునే ఏ సంస్థ అయినా జాతి, వర్ణం, మూలదేశం అనే కారణాలతో ఎవరినీ దూరం పెట్టరాదు. ఈ చట్టం అర్థం ఏమిటో 1974లో సాన్‌ఫ్రాన్సిస్కో నగర పాఠశాలల వ్యాజ్యంలో తేలింది. ఆ పాఠశాలల్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు సుమారు 1,800 మందికి భాష నేర్పే ఏర్పాటు ఏదీ లేకపోయింది. అందరికీ ఇచ్చిన పుస్తకమే వారికీ ఇచ్చాము, అందరికీ చెప్పిన పాఠమే వారికీ చెప్పాము, ఇంతకన్నా సమానత్వం ఏముందని పాఠశాలల యాజమాన్యం వాదించింది. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదనను తిరస్కరించింది. పాఠం అర్థం కాని బిడ్డ ముందు అందరి పుస్తకాన్నే ఉంచినంత మాత్రాన ఆ బిడ్డకు చదువు అందినట్టు కాదని భావించింది.

బడికి వర్తించినదే సంక్షేమ కార్యాలయానికీ వర్తిస్తుంది. ఇంగ్లీషు రాని తల్లి ఆహార సహాయం కోసం కార్యాలయానికి వెళితే, బడి మానిపించి వెంట తెచ్చుకున్న పదేళ్ల బిడ్డే దుబాసీ. తల్లి జబ్బు, తండ్రి నిరుద్యోగం, ఇంటి గుట్టు, అన్నీ ఆ పసి నోటి ద్వారానే గుమాస్తాకు చేరాలి. ఈ దుస్థితిని తొలగించడానికి న్యూయార్క్ నగర పాలక మండలి 2003లో ఒక శాసనం చేసింది. సంక్షేమ సేవల కార్యాలయాలు ఇంగ్లీషు రానివారికి దుబాసీని, అనువదించిన కాగితాలను ఉచితంగా సమకూర్చాలన్నది దాని సారాంశం. 2017లో చేసిన మరో శాసనం ఈ బాధ్యతను ప్రజలతో నేరుగా వ్యవహరించే నగర విభాగాలకు విస్తరింపజేసి, పది భాషలను నిర్దేశించింది. స్పానిష్, చైనీస్, రష్యన్, బెంగాలీ, హైతీ క్రియోల్, కొరియన్, అరబిక్, ఉర్దూ, ఫ్రెంచి, పోలిష్ ఆ పది భాషలు. బెంగాలీ, అరబిక్, ఉర్దూ ఆ జాబితాలో ఉండడం వల్ల ఎన్ని ముస్లిం కుటుంబాలకు కార్యాలయం గుమ్మం దాటే ధైర్యం వచ్చి ఉంటుందో మన పాఠకులు ఊహించగలరు.

ఇటువంటి హక్కులు ఒకసారి వస్తే శాశ్వతంగా ఉండిపోతాయనుకోవడం పొరపాటు. ఇంగ్లీషు రానివారికి సేవలు అందేలా చూడాలంటూ 2000 సంవత్సరంలో అధ్యక్షుడు క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ రద్దుచేశారు. అంతకు ముందే, 2001లో, 1964 చట్టం కింద ఉద్దేశం రుజువు చేయకుండా కేవలం ఫలితాన్ని చూపి సామాన్య పౌరులు కోర్టుకు వెళ్లే దారిని సుప్రీంకోర్టు మూసివేసింది. డ్రైవింగు లైసెన్సు పరీక్షను ఇంగ్లీషులో మాత్రమే నిర్వహించిన అలబామా రాష్ట్రం మీద వచ్చిన వ్యాజ్యం అది. పైనున్న తలుపులు మూసుకుంటున్న కొద్దీ నగరాలు తమకు తాముగా చేసుకున్న శాసనాలకే విలువ పెరుగుతున్నది.

జాతి పేరు ఎత్తడమే తప్పా?

ఈ మొత్తం వ్యవహారం మీద ఒక అభ్యంతరం ఉన్నది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. జాతుల వారీగా లెక్కలు తీయడమే జాతి భావనను పెంచుతుందనీ, ప్రభుత్వం మనిషిని మనిషిగా చూస్తే చాలుననీ కొందరు సదుద్దేశంతోనే వాదిస్తారు. మానవులందరూ ఒకే తల్లిదండ్రుల సంతానమని నమ్మే మనకు ఈ మాట మొదట వినగానే నచ్చుతుంది కూడా.

కాని షా పట్టణంలో నూటికి 98 ఇళ్ల సంగతి ఎలా తెలిసింది? ఎవరో ఇంటింటికీ తిరిగి, ఏ ఇల్లు ఎవరిదో రాసుకుని లెక్క కట్టబట్టి తెలిసింది. ఆ లెక్కే లేకపోతే ‘రద్దీని బట్టి రోడ్లు వేశాము’ అన్న వాదనకు ఎదురు చెప్పే ఆధారమే ఉండేది కాదు. గృహ కేటాయింపు ప్రశ్నావళిలోని లోపమూ అలాగే బయటపడింది. వైద్యుడు జ్వరం కొలిచినంత మాత్రాన జ్వరం పెరగదు. లెక్క తీయడం వేరు, లెక్కను బట్టి ఒకరికి ఇచ్చి ఒకరికి ఎగవేయడం వేరు. లెక్క చూసి పద్ధతిలోని లోపాన్ని సరిదిద్దితే, ఆ దిద్దుబాటు ఫలం అందరికీ అందుతుంది. వంతుల వారీగా దీపాలు మార్చిన తరువాత, ఫిర్యాదు చేయడానికి తీరిక దొరకని శ్వేతజాతి కార్మికుడి వీధిలోనూ వెలుతురు వచ్చి ఉంటుంది కదా!

అడిగేవాడు, అడగలేనివాడు

అమెరికా నగరాలు ఇంత ఖర్చుతో, ఇన్ని వ్యాజ్యాలతో నేర్చుకున్న పాఠం మనకు పరాయిది కాదు. సంపన్నుల సొమ్ములో ఎవరికి హక్కు ఉన్నదో తెలియజేసేటప్పుడు దివ్యఖుర్ఆన్ రెండు వేరువేరు పదాలను ప్రయోగించింది. ఒకటి ‘సాయిల్’, అంటే అడిగేవాడు. రెండవది ‘మహ్రూమ్’, అంటే వంచితుడు. అవసరం ఉండి కూడా అభిమానం చేతనో అశక్తత చేతనో చేయి చాపలేనివాడిని ఈ రెండవ పదం సూచిస్తుందని అనేకమంది వ్యాఖ్యాతలు వివరించారు. అటువంటివారి బింకాన్ని చూసి తెలియనివారు వారిని కలిగినవారుగా భ్రమపడతారని కూడా ఖుర్ఆన్ మరొకచోట హెచ్చరించింది. అడిగేవాడి హక్కు తీర్చడంతో మన బాధ్యత సగమే తీరుతుంది. రెండవ సగం తీరాలంటే మనమే వెదుక్కుంటూ వెళ్లాలి. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉండి రాత్రివేళ మదీనా పరిసరాల్లో గస్తీ తిరిగేవారన్న సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఆకలితో ఏడ్చే పిల్లల తల్లి ఆయన దర్బారుకు అర్జీ పెట్టుకోలేదు. ఆయనే ఆమె పొయ్యి దాకా నడిచి వెళ్లారు.

ఈ వెలుగులో మన జకాత్ కమిటీల, బైతుల్ మాల్ సంఘాల జాబితాలను ఒకసారి చూసుకుందాం. రమజాన్‌లో మస్జిద్ గుమ్మం దగ్గర వరుసలో నిలుచున్నవారి పేర్లు వాటిలో ఉంటాయి. నిలుచోలేనివారి పేర్లు ఉన్నాయా? ఇద్దత్ పాటిస్తూ ఇల్లు కదలని వితంతువు పేరు ఎవరు రాస్తారు? పని కోసం బీహార్ నుంచో బెంగాల్ నుంచో హైదరాబాద్ వచ్చి, అద్దె గదిలో పదిమందితో సర్దుకుంటున్న యువకునికి మన సంఘం ఒకటుందని ఎవరు చెబుతారు? మస్జిద్‌లో ప్రకటన ఉర్దూలో మాత్రమే వినిపిస్తే, తెలుగే మాతృభాషగా కలిగిన దూదేకుల కుటుంబాలకు ఆ మాట ఎంతవరకు చేరుతుంది? పేరును బట్టి, వృత్తిని బట్టి, యాసను బట్టి వారిని మనం ఏ వరుసలో నిలబెడుతున్నాం? అరబ్బుకు అరబ్బేతరుని మీద గాని, తెల్లవానికి నల్లవాని మీద గాని ఏ ఆధిక్యమూ లేదని దైవప్రవక్త (స) తుది హజ్ సందర్భంలో ప్రకటించిన సంగతిని మనం ప్రసంగాల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ ప్రకటన మన జాబితాల్లో కూడా కనిపించాలి.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలకు ఇందులో మరొక మాట ఉన్నది. చికాగో వంటి నగరాల్లో హైదరాబాదీ ముస్లింలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు. ఆ దేశపు ముస్లింలలో దాదాపు అయిదింట ఒక వంతు నల్లజాతివారు. మన పిల్లలకు అక్కడ ఓటు, విద్యాలయంలో ప్రవేశం, కార్యాలయంలో ఉర్దూ దుబాసీ వంటి సౌకర్యాలు లభించాయంటే, వాటికి పునాది వేసినవారు నల్లజాతి పౌరులు సాగించిన హక్కుల పోరాటం. 1964 చట్టం వారి చెమటతో, నెత్తుటితో వచ్చినది. అదే నగరంలో వారి వాడకు దారి ఎటో తెలియకుండానే మన జీవితం గడిచిపోతే, ఆ రుణం తీరినట్టు ఎలా అవుతుంది?

సంస్థ ఏదైనా, నగరం ఏదైనా, సేవ చేసేవారు ఏడాదికి ఒకసారైనా వేసుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మన దగ్గరకు వచ్చినవారు ఎవరు? వస్తారనుకుని రానివారు ఎవరు? రాకపోవడానికి వేళ కారణమా, దూరం కారణమా, భాష కారణమా, కాగితం కారణమా, గతంలో మనం చేసిన అవమానం కారణమా? ఆ వాడకు చివరిసారి మనం ఎప్పుడు వెళ్లాం? ఈ ప్రశ్నలకు జవాబు మన రిజిస్టర్లలో దొరకదు. వచ్చినవారి పేర్లే వాటిలో ఉంటాయి కనుక.

వచ్చే శుక్రవారం నమాజు తరువాత మీ కమిటీలోని ఇద్దరు, ముగ్గురు కలిసి, జాబితాలో ఒక్క పేరు కూడా లేని ఒక వీధిని ఎంచుకుని నడిచి వెళ్లండి. స్త్రీలున్న ఇళ్లలో మాట్లాడటానికి మీ ఇంటి ఆడవారిని కూడా వెంట తీసుకువెళ్లండి. ఏమీ పంచకండి, ఫొటోలు తీయకండి, ఫారాలు నింపించకండి. సలాం చెప్పి, కూర్చుని, వినండి. వెనక్కి వచ్చాక జాబితాలో ఎన్ని కొత్త పేర్లు రాయవలసి వచ్చిందో లెక్కపెట్టుకోండి.